బళ్ళారినే ఇంటిపేరు చేసుకున్న రాఘవ

మన ఊళ్లో రాఘవ కళామందిరం తెలియనివాళ్లు లేరు. పెళ్లి పత్రికల్లో, సభల కరపత్రాల్లో, ఆటోవాళ్ల నోట రోజూ ఆ పేరు వినబడుతూనే ఉంటుంది. ఆ రాఘవ ఎవరని మన ఇళ్లలోని పిల్లలను అడిగితే మాత్రం జవాబు రాదు. తప్పు వాళ్లది కాదు. చెప్పవలసిన పెద్దలం మనమే చెప్పలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆయన అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2న అనంతపురం జిల్లా తాడిపత్రిలో పుట్టారు. ఆంధ్ర నాటక పితామహులని పేరుపొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు ఆయనకు మేనమామ. రామకృష్ణమాచార్యులు గారు బళ్ళారిలో వకీలుగా ఉంటూ సరసవినోదిని సభను నడిపారు, నాటకాలు రాశారు, తామే వేషం కట్టారు. ఇదే ఊళ్లో ఇంకొక వకీలు కోలాచలం శ్రీనివాసరావు గారు సుమనోరమ సభ వారికి చారిత్రక నాటకాలు రాసి ఇచ్చేవారు. పగలు కోర్టు, రాత్రి రంగస్థలం. ఆ కాలపు బళ్ళారి వకీళ్ల బతుకు అలా ఉండేది. రాఘవ ఆ గాలిలోనే పెరిగారు.

బళ్ళారిలో హైస్కూలు చదువు, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో పట్టా, ఆపైన లా చదువు ముగించుకుని 1905 ప్రాంతంలో ఇక్కడే ప్రాక్టీసు పెట్టారు. క్రిమినల్ కేసుల్లో మంచి పేరు వచ్చింది. పబ్లిక్ ప్రాసిక్యూటరుగా కూడా పనిచేశారు. కోర్టులో సంపాదించినది నాటకానికి ఖర్చు పెట్టారే గాని నాటకాన్ని సంపాదన మార్గంగా చేసుకోలేదు.

ఇక భాషల సంగతి. అప్పటి బళ్ళారి మద్రాసు ప్రెసిడెన్సీలోని జిల్లా. ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు బజారులో కన్నడం మాట్లాడతాడు, కౌల్ బజారు వైపు వెళితే ఉర్దూ వినిపిస్తుంది, కోర్టులో ఇంగ్లీషు. మనకిది మామూలు విషయం. రాఘవ ఈ మామూలు విషయాన్నే తన బలం చేసుకున్నారు. తెలుగు, కన్నడం, హిందీ, ఇంగ్లీషు నాలుగింటిలోనూ నటించారు. షేక్స్పియర్ నాటకాల కోసం ఊళ్లో ఒక క్లబ్బు పెట్టి ఒథెల్లో, షైలాక్, హామ్లెట్ వేషాలు వేశారు. బెంగళూరు అమెచ్యూర్ డ్రమాటిక్ అసోసియేషన్ వారితో కలిసి పనిచేశారు.

కోలాచలం వారి నాటకంలో పఠాన్ రుస్తుం వేషం ఆయనకు చిరకాలం నిలిచే పేరు తెచ్చింది. విజయనగరం కూలిపోయిన కథ అది. హంపీ పక్కనే ఉన్న మన జనానికి ఆ కథ ఎంత దగ్గరిదో చెప్పనక్కరలేదు. 1927లో ఆరోగ్యం కోసం మైసూరు సీమలో ఉన్న గాంధీజీ, హిందీలో వేసిన దీనబంధు కబీర్ నాటకంలో రాఘవను చూసి ఎంతో మెచ్చుకున్నారు. మరుసటి ఏడాది, 1928లో, రాఘవ ఇంగ్లండు వెళ్లి బెర్నార్డ్ షాను కలిశారు, అక్కడి రంగస్థల ప్రముఖులతో మాట్లాడారు. ఆ భేటీని మన ఊరి పెద్దలు కథలు కథలుగా చెప్పుకునేవారు.

అయితే సీమ దాటి వెళ్లి వచ్చినందుకు కాదు ఆయన గొప్పవారు. ఆ రోజుల్లో నాటకమంటే రాగం తీయడం. చనిపోతున్న పాత్ర కూడా వన్స్ మోర్ అనగానే లేచి పద్యం మళ్లీ పాడేది. రాఘవ దానిని ఒప్పుకోలేదు. మాట మాటలా ఉండాలి, ముఖంలో భావం పలకాలి అన్నది ఆయన పట్టు. పద్యం కోసమే టిక్కెట్టు కొనే జనం ముందు అలా నిలబడడానికి గుండె ధైర్యం కావాలి. ఆడ వేషాలు ఆడవాళ్లే వేయాలని కూడా పట్టుబట్టారు. కొమ్మూరి పద్మావతీదేవి, కొప్పరపు సరోజిని, కాకినాడ అన్నపూర్ణ వంటివారు ఆయనతో కలిసి నటించారు. గౌరవ కుటుంబాల స్త్రీలు రంగమెక్కితే లోకం నోరు ఊరుకోని కాలం అది. తర్వాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన పి.వి. రాజమన్నార్ గారు రాసిన సాంఘిక నాటకం తప్పెవరిదిని రంగమెక్కించినదీ రాఘవే.

సినిమాలు కొద్దిగానే చేశారు. 1936లో ద్రౌపదీ మానసంరక్షణం, 1939లో గూడవల్లి రామబ్రహ్మం గారి రైతుబిడ్డ, 1940లో చండిక. జమీందారీ పెత్తనాన్ని ఎదిరించే కథ కావడంతో రైతుబిడ్డను కొన్ని చోట్ల ఆడనివ్వలేదు. అందులో రైతు వేషం మన రాఘవదే.

1946 ఏప్రిల్ 16న ఆయన కన్నుమూశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్లాయి, బళ్ళారి మైసూరుకు వచ్చింది. ఆ గీత గీయడం చూడకుండానే ఆయన వెళ్లిపోయారు. 1981లో తపాలా శాఖ ఆయన పేరిట బిళ్ళ విడుదల చేసింది.

రాఘవ తెలుగువాడా, కన్నడిగుడా అని ఇప్పటికీ కొందరు వాదం పెట్టుకుంటారు. ఇల్లు తెలుగు, ఊరు బళ్ళారి, కళ అందరిదీ. జోళదరాశి దొడ్డనగౌడ గారి వంటి కన్నడ కళాకారులు ఆయనను గురువుగా తలచారు. ఇందులో మనకు నష్టమేమీ లేదు. నష్టం వేరేచోట ఉంది. మన పిల్లలు కన్నడం చక్కగా చదువుతున్నారు, ఇంగ్లీషు చదువుతున్నారు, సంతోషం. కాని ఇంట్లో మాట్లాడే తెలుగుకు అక్షరాలు రావు. ధర్మవరం వారి నాటకం, కోలాచలం వారి నాటకం చేతికిస్తే తిరగేసి చూసి పక్కన పెడతారు. నాలుగు భాషలు నేర్చినా రాఘవ మొదటి భాషను వదులుకోలేదు. మనం ఒకటి నేర్చుకుంటూ ఒకటి పోగొట్టుకుంటున్నాం.

ఈసారి పిల్లలను కళామందిరానికి తీసుకువెళ్లినప్పుడు, లోపలికి పోయేముందు ఒక్క నిమిషం ఆగి పైనున్న ఆ పేరు ఎవరిదో చెప్పండి. ఆ రాత్రి ఇంటికి వచ్చాక పలక తెచ్చి, రాఘవ అన్న మూడక్షరాలు తెలుగులో రాయించండి.