చీనా యాత్రికుఁడు హ్యుయాన్‌త్సాంగు

మా పిల్లలలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములవారు పెక్కండ్రు గలరు. వారెఱిఁగిన మూసీనది వాడపల్లియొద్ద కృష్ణలోఁ గలియును. ఆ కృష్ణవెంట దిగువకుఁ బోయినచో పూర్వపు ధాన్యకటకము, అనఁగా అమరావతీ ప్రాంతము, వచ్చును. ఏడవ శతాబ్దమున అచ్చటఁ జదివి, చదువు చెప్పిన యొక విదేశీయుని చరిత్రము నిచట వ్రాయుచున్నాము.

హ్యుయాన్‌త్సాంగు సుమారు 602లో చీనాదేశమున జన్మించెను. బాల్యముననే సన్న్యసించెను. తన భాషలోని బౌద్ధగ్రంథములు ఒకదానితో నొకటి పొసఁగకుండుటచే మూలములకై భరతఖండమునకుఁ బోవ నిశ్చయించెను. అప్పుడు చీనా ప్రభుత్వము పొలిమేర దాఁటరాదని శాసించియుండెను. 629లో ఆయన రహస్యముగా బయలుదేఱెను. ఆయనను బట్టుకొమ్మను ఉత్తరువు లీ చాంగు అను నుద్యోగికి వచ్చెను. ఆతఁడు దానిని యాత్రికుని యెదుటనే చించివైచి, వేగిరము పొమ్మనెను. ఎడారి యంచున బాణములు వేసిన కావలివారే పిదప నీరును ఆహారమును ఇచ్చి సాగనంపిరి. రాజు వలదన్నను సామాన్యులు పొమ్మనిరి.

ఆయన నలందలో శీలభద్రునికడఁ జదివి, దక్షిణమునకు వచ్చి ఆంధ్రదేశమును జూచెను. ధాన్యకటకమున సుభూతి, సూర్యుఁడు అను భిక్షువులతోఁ గొన్ని నెలలుండెను. వారు మహాసాంఘికుల అభిధర్మమును ఆయనకుఁ జెప్పిరి; ఆయన వారికి మహాయానశాస్త్రములు చెప్పెను. తరువాత మువ్వురును గలసియే యాత్ర సాగించిరి. (ఈ సూర్యునకును మన సూర్యాపేటకును సంబంధము కల్పింపవలదని పిల్లలకు మనవి.) పరదేశీయుని నమ్ముట ఈ సీమకుఁ గ్రొత్తకాదు. అంతకు మున్నూఱేండ్లకుఁ బైగాఁ బూర్వమే నాగార్జునకొండలో సింహళవిహార ముండెను. బోధిశ్రీ యను ఉపాసిక సింహళ భిక్షువులకై చైత్యగృహము గట్టించెను.

645లో ఆయన 657 గ్రంథములతో స్వదేశము చేరెను. సింధునది దాఁటునపుడు కొన్ని నీటిపాలయ్యెను. 664లో మరణించులోపల 75 గ్రంథములను చీనాభాషలోనికి మార్చెను.

ఆ దినములలో హర్షునకును చీనా చక్రవర్తికిని రాయబారములు నడచెను. 647లో హర్షుఁడు గతించెను. వెంటనే చీనా రాయబారిపై దాడి జరిగెను. ఆతఁడు టిబెట్టు, నేపాళ సేనలను దెచ్చి యుద్ధము చేసెను. రాజుల మైత్రి ఇట్లు ముగిసెను. అయినను 652లో మహాబోధి విహారమునుండి జ్ఞానప్రభుఁడును ప్రజ్ఞాదేవుఁడును ఒక భిక్షువుచేత హ్యుయాన్‌త్సాంగునకు లేఖను, రెండు తానుల నూలుబట్టను బంపిరి. ఈ ప్రజ్ఞాదేవుఁడు కన్యాకుబ్జమున వాదములో ఆయనచే నోడినవాఁడే! 654లో ఆయన ప్రత్యుత్తరము వ్రాసి, సింధునదిలోఁ బోయిన గ్రంథముల పట్టికను జతపఱచి, వీలైనచో మరలఁ బంపుఁడని కోరెను.