భక్తవేషధారి శ్రీ చిత్తూరు నాగయ్య

భాగ్యనగరంలో గుడిమల్కాపూరు నందలి ఝాంసింగ్ బాలాజీ దేవాలయం ఆస్తికులకు చిరపరిచితమైన సన్నిధి. నిజాం కొలువులోని ఝాంసింగ్ కట్టించిన ఆ కోవెలలో శ్రీనివాసుని సేవించుకొని, తీర్థప్రసాదాలు స్వీకరించి, అచ్చటి నుండి కొద్ది మైళ్ళ దూరంలోని గోలకొండకు వెళ్ళే యాత్రికులు పలువురు కలరు. ఆ కోటలో భక్త రామదాసు బందీగా ఉన్నాడని చెప్పే చెరసాల ఉన్నది. ఆ చీకటి గదిలో గోడవైపు తిరిగి ఒక్కక్షణం కన్నులు మూసికొన్న పెద్దలకు ఒక రూపం స్ఫురిస్తుంది. శాంతమైన ముఖం, ఆర్ద్రమైన కన్నులు, రామనామం తప్ప మరొకటి ఎరుగని పెదవులు. రామదాసును చూచినవారు మనలో ఎవరున్నారు? మన తల్లిదండ్రుల తరం మనస్సులో రామదాసుగా నిలిచిన ఆ రూపం చిత్తూరు వి. నాగయ్యగారిది. నేటి యువతరం 2006లో వచ్చిన శ్రీరామదాసు చిత్రాన్ని ఎరుగును గాని, అంతకు నాలుగు దశాబ్దాలకు పూర్వమే ఆ పాత్ర కోసం తన సర్వస్వం ధారపోసిన ఈ మహనీయుని పేరు పలువురికి తెలియకుండా పోతున్నది. కావున ఆయన జీవితాన్ని ఒకసారి స్మరించుకొనుట మనకు విధి.

నాగయ్యగారు 1904వ సంవత్సరం మార్చి 28వ తేదీన గుంటూరు మండలం రెంటచింతలలో ఒక బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. పల్నాటిలో పుట్టిన ఆ బాలుడు పెరిగినది మాత్రం చిత్తూరు సీమలో. శ్రీవారి దేవస్థానం అందించిన విద్యార్థి వేతనమే ఆయన చదువుకు ఆధారమైనది. స్వామివారి హుండీలో ఎవరో భక్తులు సమర్పించిన కానుక ఒక పేదబాలుని చేతి పుస్తకమై, ముందు ముందు పోతన, త్యాగరాజు, రామదాసుల గాథలుగా ఆంధ్రదేశమంతటా పంచబడినదని తలచినప్పుడు, భగవంతుని సొమ్ము ఏ దారిన పోయి ఏ రూపంలో తిరిగి వస్తుందో కదా అని ఆశ్చర్యం కలుగుతుంది.

చదువు ముగిసిన పిమ్మట కొంతకాలం గుమాస్తాగా, కొంతకాలం పత్రికా విలేఖరిగా పనిచేశారు. 1930లో ఉప్పు సత్యాగ్రహం దేశాన్ని కదిలించినప్పుడు జాతీయోద్యమంలో పాల్గొన్నారు. ఈ పనులన్నింటి నడుమ ఆయనను విడువనిది సంగీతం. చిత్తూరులోని రామవిలాస సభ నాటకాలలో పద్యం పాడి, పాట పాడి, వేషం కట్టి పేరు గడించారు. ఊరి పేరే ఇంటి పేరై చిత్తూరు నాగయ్యగా స్థిరపడ్డారు.

వెండితెరకు ఆయన వచ్చినది 1938లో, హెచ్.ఎం.రెడ్డిగారి గృహలక్ష్మి చిత్రంతో. అందులో కల్లు మానుమని ప్రబోధించే గీతాన్ని ఆయన పాడగా అది ఊరూరా మారుమ్రోగినది. మరుసటి ఏడు బి.ఎన్.రెడ్డిగారు వాహినీ సంస్థను నెలకొల్పి వందేమాతరం నిర్మించి, నాగయ్యగారిని కథానాయకునిగా నిలిపారు. 1940లో సుమంగళి వచ్చినది. అందులో కందుకూరి వీరేశలింగంగారిని స్ఫురింపజేసే వృద్ధ సంస్కర్త పాత్రను ధరించినప్పుడు ఆయన వయస్సు ముప్పది ఆరు సంవత్సరాలు మాత్రమే. 1941లో దేవత. ఈ చిత్రాలకు సంగీతం కూర్చినదీ ఆయనే. నటన, గానం, స్వరరచన మూడూ ఒక్కరియందే అమరుట అరుదు.

అయితే ఆంధ్రుల ఇళ్ళలో ఆయనకు పూజాపీఠం వేసినది భక్త పోతన. కె.వి.రెడ్డిగారు తొలిసారి దర్శకత్వం వహించిన ఆ చిత్రం 1943 ఆరంభంలో ప్రజల ముందుకు వచ్చినది. రాజాశ్రయాన్ని కాదని, భాగవతాన్ని శ్రీరామునికే అంకితమిచ్చి, హలం పట్టి జీవించిన బమ్మెర పోతన్నను నాగయ్యగారు కళ్ళకు కట్టించారు. అటుపిమ్మట 1946లో త్యాగయ్య. దానికి నిర్మాత, దర్శకుడు, సంగీతకర్త, నాయకుడు అన్నీ తానే. తమ స్వంత రేణుకా ఫిలింస్ పక్షాన తీసిన ఆ చిత్రంలో త్యాగరాజస్వామి కృతులను స్వయంగా గానం చేశారు. సంగీతసభలకు పోలేని పల్లెవాసులు సైతం ఆ కృతులను చెవులారా విన్నారు. 1947లో మరల కె.వి.రెడ్డిగారి దర్శకత్వంలో యోగి వేమన. భోగియైన వేమన, అన్నగారి చిన్నారి కుమార్తె మరణంతో లోకం శూన్యమై యోగిగా మారే ఘట్టంలో ఆయన నటన చూచి కంట తడి పెట్టనివారు లేరు.

ఈ మూడు చిత్రాలే గాక వైష్ణవ భక్తి వాఙ్మయానికి సంబంధించిన పాత్రలు ఆయనను వెదకుకొంటూ వచ్చాయి. 1945లో ఎం.ఎస్.సుబ్బులక్ష్మిగారు నటించిన తమిళ మీరా చిత్రంలో మేవాడు రాణాగా నటించారు. మన చిత్తూరు నాగయ్య ఆ చిత్తోడు కోటకు ప్రభువైనాడన్నమాట. 1948లో చక్రధారి చిత్రంలో పాండురంగని భక్తుడైన కుమ్మరి గోరా ఆయనే. 1957లో పాండురంగ మాహాత్మ్యంలో పుండరీకుని తండ్రి, 1958లో తమిళ సంపూర్ణ రామాయణంలో దశరథుడు, 1963లో లవకుశలో వాల్మీకి మహర్షి. తెరమీద ఆయన కనబడగానే గ్రామాలలో స్త్రీలు చేతులు జోడించేవారు. ఆ నమస్కారం పోతనకా, నాగయ్యకా అన్న భేదం వారికి తెలియదు. ఆ భేదాన్ని ఆయన కూడ పాటించలేదు. వచ్చిన చిక్కంతా అక్కడే ఉన్నది.

నాగయ్యగారు దక్షిణాదిన లక్ష రూపాయల పారితోషికం అందుకొన్న తొలితరం నటులలో ఒకరు. ఆ రోజులలో లక్ష అనగా ఒక కుటుంబం తరతరాలు కూర్చుండి తినదగిన సొమ్ము. ఆ సొమ్ము ఆయన చేతిలో నిలువలేదు. మద్రాసులో ఆయన ఇంటికి వచ్చినవారికి భోజనం లేదన్న మాట ఉండేది కాదు. పెళ్ళి ఖర్చులకని ఒకరు, చదువుకని ఒకరు, అవకాశం లేక అలమటించే కళాకారులు మరికొందరు వచ్చేవారు. అడిగినవాని అర్హతను విచారించే అలవాటు ఆయనకు లేదు. స్వంత చిత్రాల నిర్మాణం మరికొంత ధనాన్ని హరించినది. త్యాగయ్య పాత్రను ధరించినవాడు తాను నిజముగనే త్యాగయ్య అయినాడని లోకులు చెప్పుకొన్నారు. ఆ మాటలో ప్రశంసతో పాటు జాలి కూడ ఉన్నది.

వయస్సు మళ్ళి, సంపద తరిగిన దశలో ఆయన తలపెట్టినది భక్త రామదాసు. నేలకొండపల్లిలో పుట్టి, పాల్వంచ పరగణాకు తహసీలుదారై, సర్కారు పైకంతో భద్రాద్రి రామునికి ఆలయం కట్టించి, గోలకొండలో పండ్రెండేండ్లు చెరలో మగ్గిన కంచెర్ల గోపన్న గాథ అది. నిర్మాణం, దర్శకత్వం, ప్రధానపాత్ర అన్నీ మరల తన భుజాలపైననే వేసికొన్నారు. ధనం చాలక పని సాగుతూ ఆగుతూ వచ్చినది. ఎట్టకేలకు 1964 డిసెంబరులో చిత్రం విడుదలైనది. అప్పటికి ఆయనకు అరువది నిండినవి. అందులో కబీరుదాసు పాత్రకు మహమ్మద్ రఫీగారు గానం చేశారు. రామనామానికి మతభేదం లేదని చాటే ఆ ఘట్టానికి ఈ గాయకుని ఎన్నుకొనుటలో నాగయ్యగారి హృదయం తెలియుచున్నది. పూర్వం ఆయన చిత్రాలకు లభించిన ఆదరణ దీనికి లభించలేదు. పెట్టిన సొమ్ము తిరిగి రాలేదు.

ఇచ్చట భక్తజనులు ఒక విషయం ఆలోచించవలెను. రామదాసు కథలో చివరకు రామలక్ష్మణులు బంటుల వేషంలో అర్ధరాత్రి తానీషా పడకగదికి వచ్చి ఆరు లక్షల వరహాలు చెల్లించి రసీదు పుచ్చుకొన్నారని ఐతిహ్యం. నాగయ్యగారి బాకీలు తీర్చుటకు అట్లు ఎవరూ రాలేదు. 1965లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ బిరుదమిచ్చి గౌరవించినది. దక్షిణాది చలనచిత్ర నటులలో ఆ గౌరవం తొలుత పొందినవారు ఆయనే. కాని బిరుదం పొయ్యిలో కట్టె కాదు. ఒకనాడు కథకు నాయకుడై నిలిచిన మహానటుడు బ్రతుకుతెరువుకై చిన్న చిన్న పాత్రలు ధరించవలసి వచ్చినది. తండ్రిగా, పురోహితునిగా, సాధువుగా రెండు మూడు దృశ్యాలలో కనబడి వెళ్ళిపోయేవారు. ఆ కొద్ది దృశ్యాలలో సైతం ఆయన శ్రద్ధ తగ్గలేదు. 1973వ సంవత్సరం డిసెంబరు 30వ తేదీన మద్రాసులో పరమపదించారు.

దీనిని ఎట్లు అర్థం చేసికొనవలెను? భక్తుల పాత్రలు ధరించినవానికి భగవంతుడు ఇచ్చిన ఫలం దారిద్ర్యమా అని కొందరు అడుగుదురు. పెద్దలు దానానికి దేశకాల పాత్రలు చూడుమన్నారు. గృహస్థు తన్ను ఆశ్రయించిన ఆలుబిడ్డలకు లోపం రానీయక, మిగిలినదానిలో ఈయవలెనని శాస్త్రం. నాగయ్యగారు ఆ హద్దు పాటించలేదు. దానిని గొప్పగా చెప్పి మరొకరిని ఆ దారికి పురికొల్పుట తగదు. ఆయన పడిన కష్టం నిజమైనది. దానికి పూలు చుట్టరాదు.

కాని వేరొక లెక్క కూడ ఉన్నది. భాగవతం చదువలేని లక్షలాది ప్రజలకు పోతన్నను పరిచయం చేసినవారు ఆయన. కర్ణాటక సంగీతమంటే ఎరుగనివారికి త్యాగరాజస్వామి ఆర్తిని వినిపించినవారు ఆయన. మన పూజామందిరాలలో దీపం వెలుగుటకు చమురు పోసిన చేతులలో ఆయన చేయి ఒకటి. తానీషాకు రామదాసు పడిన బాకీని రాముడు తీర్చాడు. నాగయ్యగారికి మనం పడిన బాకీని తీర్చవలసినది మనమే. ఆయనకిక ధనంతో పని లేదు. అయితే మన ఊరిలో హరికథ చెప్పి, భజన నడిపి, కోవెల ఉత్సవాలలో నాగస్వరం ఊది ముసలివారై మూలపడిన కళాకారులు ఉందురు. పండుగనాడు శాలువా కప్పి పంపుటతో సరిపెట్టక, వారి ఇంట పొయ్యి వెలుగుచున్నదా అని ఒక్కమారు విచారించుట మన వంతు.

గుడిమల్కాపూరు స్వామిని సేవించి గోలకొండకు వెళ్ళినప్పుడు, చెరసాల ముంగిట రామదాసుకు నమస్కరించిన పిదప, ఆ మహాభక్తునికి మన కాలంలో తన ముఖమిచ్చి, గొంతు ఇచ్చి, ఉన్నదంతా ఇచ్చిన నాగయ్యగారిని కూడ ఒక్కసారి తలచుకొందము గాక. భద్రాద్రి శ్రీరామచంద్రుడు ఆయనకు తన పాదసన్నిధి అనుగ్రహించు గాక.