విజిల్ పట్టిన నైస్మిత్ గారు

విద్యార్థి సంఘం కార్యదర్శి మా యింటికి వచ్చి సావనీరుకి ఒక వ్యాసం కావాలన్నాడు. ఏళ్ళ తరబడి ఈ కాలేజీ గ్రౌండులో విజిల్ ఊదడమే తప్ప కలం పట్టి ఎరగనని తప్పించుకోబోయాను. అయితే ఆ విజిల్ గురించే రాయమని పట్టుబట్టాడు. విజిల్ గురించి రాయాలంటే నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. అది చెప్పడానికి ధైర్యం చాలక ముందు ఒక పెద్దమనిషి కథ మొదలుపెడుతున్నాను. ఆయన పేరు డాక్టర్ జేమ్స్ నైస్మిత్. బాస్కెట్‌బాల్ ఆట కనిపెట్టింది ఆయనే. మన కాలేజీలో ఆ ఆట ఆడే పిల్లలకే ఆయన పేరు తెలియదు. మొన్న నలుగురైదుగురిని అడిగి చూశాను.

నైస్మిత్ గారు 1861 నవంబరు 6న కెనడాలోని ఒంటారియో ప్రాంతంలో, ఆల్మాంట్ అనే ఊరి దగ్గర పుట్టారు. స్కాట్లాండు నుంచి వలస వచ్చిన కుటుంబం. 1870లో టైఫాయిడ్ జ్వరం వచ్చి తల్లీ తండ్రీ ఇద్దరూ కొద్దిరోజుల తేడాలో పోయారు. పిల్లవాడికి అప్పటికి తొమ్మిదేళ్ళు కూడా సరిగా నిండలేదు. అమ్మమ్మ దగ్గర, ఆ తర్వాత మేనమామ దగ్గర పెరిగారు. చదువు మధ్యలో మానేసి కొన్నేళ్ళు అడవుల్లో కలప కొట్టే పనికి పోయారు. మళ్ళీ బుద్ధిపుట్టి బడికి తిరిగొచ్చి, 1883లో మాంట్రియల్ లోని మెక్‌గిల్ యూనివర్శిటీలో చేరారు. ఫెయిలయ్యామని, వయసు మీరిందని కుంగిపోయే మన కుర్రాళ్ళు ఈ ముక్క గమనించాలి.

ఆ ఊళ్ళో పిల్లలు ఒక ఆట ఆడేవారు. పెద్ద బండమీద చిన్న రాయి పెట్టి, దూరం నుంచి తలా ఒక రాయి విసిరి దాన్ని పడగొట్టాలి. మన ఏడుపెంకులాటకు దూరపు చుట్టమనుకోండి. బలంకొద్దీ విసిరినవాడి రాయి ఎక్కడో పోయి పడుతుంది, వాడు దాన్ని తెచ్చుకొచ్చేలోగా దొరికిపోతాడు. మెల్లగా, పైకెత్తి, వంపుగా వేసినవాడిదే గెలుపు. చిన్ననాటి ఆ వంపు తర్వాత ఆయనకు పనికొచ్చింది.

మెక్‌గిల్ లో బి.ఏ. అయ్యాక మతబోధకుడు కావాలని వేదాంత కళాశాలలో చేరారు. ఒకవైపు బైబిలు, ఇంకోవైపు ఫుట్‌బాల్. అప్పటి ఫుట్‌బాల్ అంటే కుమ్ములాటే. రెండు కళ్ళూ నల్లగా కమిలిపోయిన మొహంతో ఒక ఆదివారం ప్రార్థనకు నిలబడ్డారట. ఒకసారి ఆట మధ్యలో పక్కనున్న జోడీ ఆటగాడు కోపంలో నోరు జారి బూతు మాట అనేసి, వెంటనే నైస్మిత్ వైపు తిరిగి, నువ్వున్నావని మరిచిపోయానంటూ క్షమించమన్నాడట. పక్కన ఒక మనిషి ఉండటంతోనే ఆటగాడి నడవడి మారుతుందంటే, ప్రసంగం చేసేకన్నా మైదానంలో ఉండటమే మేలని ఆయనకు తోచింది. ఈ సంఘటనను మరిచిపోకండి, దీనితో నాకు తర్వాత పనుంది.

1890లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ లో వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలకు వెళ్ళారు. మరుసటేడు చలికాలంలో అక్కడి పెద్ద, డాక్టర్ గ్యులిక్, ఆయనకొక తలనొప్పి అప్పగించాడు. పద్దెనిమిది మంది విద్యార్థుల తరగతి ఒకటుంది. బయట మంచు. లోపల డ్రిల్లు చేయమంటే వాళ్ళకు విసుగు. అప్పటికే ఇద్దరు మాస్టర్లు ఆ తరగతికి దణ్ణం పెట్టి తప్పుకున్నారు. పద్నాలుగు రోజుల్లో లోపల ఆడుకునే కొత్త ఆట ఒకటి తయారుచెయ్యమన్నాడు గ్యులిక్.

నైస్మిత్ గారు ఆలోచించిన తీరు నాకెప్పుడూ ముచ్చటే. ఫుట్‌బాల్ లో దెబ్బలెందుకు తగులుతున్నాయి? బంతి పట్టుకుని పరుగెత్తేవాణ్ణి ఆపాలి కాబట్టి. అయితే బంతితో పరుగెత్తడమే వద్దందాం. గోలు ఎదురుగా ఉంటే బలంగా కొడతారు. అయితే గోలును తలమీదకు ఎక్కిద్దాం. బంతి మెల్లగా, వంపుగా రావలసిందే. కాపలాదారును రెండు పెట్టెలు తెమ్మంటే పెట్టెల్లేవని పీచ్ పళ్ళ బుట్టలు రెండు తెచ్చిచ్చాడు. వాటిని హాలు చుట్టూ ఉన్న గ్యాలరీకి మేకులతో కొట్టారు. ఆ గ్యాలరీ పదడుగుల ఎత్తున ఉంది కాబట్టి ఈనాటికీ ప్రపంచమంతటా రింగు పదడుగులే. ఆ వడ్రంగి ఇంకో అడుగు పైన కట్టి ఉంటే మనవాళ్ళ గతి ఏమయ్యేదో!

పదమూడు నియమాలు టైపు చేయించి గోడకంటించారు. 1891 డిసెంబరు 21న తొమ్మిదేసి మంది చొప్పున మొదటి ఆట ఆడారు. ఆట మొత్తానికి ఒకే ఒక్క గోలు పడింది. ఆ పదమూడింటిలో రెండు నియమాలు ఆటగాళ్ళ గురించి కాదు, ఆట నడిపేవాళ్ళ గురించి. అంపైరు మనుషుల్ని చూడాలి, రిఫరీ బంతిని చూడాలి. నెట్టడం, పట్టుకోవడం, కాలు అడ్డం పెట్టడం అంపైరు లెక్క. బంతి ఎవరిది, గోలు పడిందా లేదా అన్నది రిఫరీ లెక్క. ఒక్క మనిషికి రెండు కళ్ళే అన్న సంగతి ఆయనకు మొదటిరోజే తెలుసు.

ఆయన ఊహించనిది జనం. 1892 మార్చి 11న విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ బహిరంగంగా ఆట జరిగితే దాదాపు రెండు వందల మంది చూడవచ్చారు. విద్యార్థులు 5–1తో నెగ్గారు. ఉపాధ్యాయుల పక్షాన ఆడిన నైస్మిత్ గారు జీవితం మొత్తంలో ఈ ఆట ఆడింది రెండేసార్లంటారు. కొద్దికాలానికే ఊరూరా ఆట పాకింది. బుట్టలు గ్యాలరీకి కట్టి ఉండటంతో పైన కూర్చున్న ప్రేక్షకులు చెయ్యి చాపి, మనవాడి బంతిని లోపలికి తోయడం, అవతలివాడిదైతే బయటికి నెట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు మనం బోర్డుకి కొట్టి గోలు వేస్తాం గాని, ఆ బోర్డు పుట్టింది గోలు కోసం కాదు, ఆ చేతుల్ని ఆపడానికి. మొదట తీగవల కట్టారు. ఆ వల బంతి దెబ్బలకు సొట్టలు పడేది. ఏ సొట్టకు తగిలితే బంతి ఎటు తిరుగుతుందో ఆ హాలు వాళ్ళకు కంఠతా వచ్చు, బయటినుంచి వచ్చినవాళ్ళకు రాదు. దాంతో చెక్కబోర్డు వచ్చింది. సొంతగడ్డ బలం అనేది ఈ ఆటకు పొత్తిళ్ళలోనే అంటుకుంది.

నైస్మిత్ గారు 1895లో డెన్వర్ వెళ్ళి, అక్కడ వై.ఎం.సి.ఏ.లో పనిచేస్తూనే 1898లో వైద్యపట్టా పుచ్చుకున్నారు. అదే ఏడు కాన్సస్ యూనివర్శిటీలో వ్యాయామ బోధకుడిగా, ప్రార్థనామందిరం పెద్దగా చేరి జీవితాంతం ఆ లారెన్స్ ఊళ్ళోనే ఉండిపోయారు. 1907 దాకా అక్కడి జట్టుకి ఆయనే కోచ్. 55 గెలుపులు, 60 ఓటములు. ఆ యూనివర్శిటీ కోచ్‌లలో గెలుపులకన్నా ఓటములు ఎక్కువున్నది ఈ ఆట సృష్టికర్త ఒక్కరికే. నవ్వొచ్చే మాటే గాని, ఆయన దృష్టిలో ఆట దేహం కోసం, నడవడి కోసం. తన శిష్యుడు ఫాగ్ ఆలెన్ కోచ్ ఉద్యోగానికి పోతానంటే, ఇది ఆడే ఆటేగాని నేర్పే ఆట కాదని ఆశ్చర్యపోయారట. ఆ ఆలెన్ తర్వాత అదే యూనివర్శిటీకి దశాబ్దాలపాటు కోచ్ అయి పేరు మోశాడు.

ఈ ఆలెన్ 1905లో కాన్సస్ సిటీ క్లబ్బుకి, దూరాన ఉన్న బఫెలో నగరం జట్టుకి మూడు ఆటల పోటీ ఏర్పాటు చేశాడు. మొదటిది బఫెలో నెగ్గింది. రెండోది కాన్సస్ సిటీ నెగ్గింది. తేలవలసిన మూడో ఆటకు విజిల్ నైస్మిత్ గారి చేతికిచ్చారు. ఆతిథేయులు 45–14తో గెలిచారు. పక్షపాతమంటారా? లారెన్స్ నుంచి కాన్సస్ సిటీ కూతవేటు దూరం. జనమంతా ఆ చుట్టుపక్కలవాళ్ళే. ఆయన మనసులో ఏముందో నేనెలా చెప్పను? ముప్ఫయ్యొక్క పాయింట్ల తేడాను విజిల్ తేలేదు, అంతమట్టుకు చెప్పగలను. విజిల్ తేగలిగేది ఒక్క పాయింటు తేడా.

ఆ ఒక్క పాయింటు సంగతే నేను దాచుకున్నది.

1984 నవంబరులో అంతర కళాశాలల పోటీల ఫైనలు మన సిమెంటు కోర్టుమీదే జరిగింది. అవతలి కాలేజీ పేరు రాయను. ఆ పిల్లలు బస్సులో వచ్చి, మన తరగతి గదుల్లో బెంచీలు జరిపి, దుప్పట్లు పరుచుకుని పడుకున్నారు. కోర్టు చుట్టూ నాలుగు వరసల జనం. ముందు కుర్చీల్లో ప్రిన్సిపాల్ గారు, లెక్చరర్లు. ఇంకో పది సెకండ్లుందనగా మనం 51, వాళ్ళు 50. వాళ్ళ కుర్రాడొకడు, బక్కపలచనివాడు, అందరినీ తప్పించుకుని లేఅప్ కి లేచాడు. మనవాడు వాడి మణికట్టుమీద కొట్టాడు. చప్పుడు నాకు వినిపించింది. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. విజిల్ నోట్లోనే ఉంది. ఊదలేదు.

నాకెవరూ చెప్పలేదు, బెదిరించలేదు, ఏమీ ఆశపెట్టలేదు. చుట్టూ లేచిన ఆ కేక నా గొంతులోంచి కూడా వస్తున్నట్టనిపించింది, అంతే. ఆట ముగిశాక ఆ కుర్రాడు దగ్గరికొచ్చి, సార్ అని నా చెయ్యి కలిపి వెళ్ళాడు. మణికట్టు ఎర్రగా ఉంది. రాత్రి బస్సుకి వెళ్ళిపోయారు. కప్పు మన ఆఫీసు బీరువా మీద చాలాకాలం ఉండేది.

అప్పటినుంచే నైస్మిత్ గారి గురించి దొరికిందల్లా చదవడం మొదలుపెట్టాను. నాకు ఆట నేర్పిన మాస్టారు మద్రాసు వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలలో చదివినాయన. ఆ కళాశాలను 1920లో పెట్టిన హారీ క్రో బక్ గారు స్ప్రింగ్‌ఫీల్డ్ లో చదువుకున్నవారే. ఆ లెక్కన నైస్మిత్ గారి గోడమీది కాగితం వరసగా చేతులు మారి మా మాస్టారి ద్వారా నాదాకా వచ్చినట్టే. అంపైరు మనుషుల్ని చూడాలన్న ఆ పదో నియమాన్ని నేను చూసీ చూడనట్టు వదిలేశాను.

తర్వాత్తర్వాత పండితులు దీన్ని కొలిచి చూశారు. 2002లో ఇంగ్లండులో నలభై మంది రిఫరీలకు ఒకే ఫుట్‌బాల్ ఆట టేపు చూపించారు, కొందరికి జనం అరుపులతో, కొందరికి చప్పుడు లేకుండా. అరుపులు విన్నవాళ్ళు సొంత జట్టుమీద సుమారు పదిహేను శాతం తక్కువ ఫౌళ్ళిచ్చారు. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ లో 2004–05 నాటి 365 ఆటలు పరిశీలిస్తే, బయటినుంచి వచ్చిన జట్టుకే ఫౌళ్ళు ఎక్కువని తేలింది. ముందంజలో ఉన్న జట్టుకీ, అప్పటిదాకా తక్కువ ఫౌళ్ళున్న జట్టుకీ తర్వాతి ఫౌల్ పడే అవకాశం ఎక్కువట. అంటే రిఫరీ తెలియకుండానే తూకం సరిచేస్తుంటాడన్నమాట. నేను తెలియక చేశానని మాత్రం అనలేను. పైన చెప్పిన ఆ జోడీ ఆటగాడు ఒక్క మనిషి పక్కన ఉన్నందుకు మంచివైపు మారాడు. నేను వెయ్యిమంది ఉన్నందుకు ఇటువైపు మారాను.

నైస్మిత్ గారి చివరి రోజుల్లో ఒక శిష్యుడున్నాడు, జాన్ మెక్‌లెండన్. నల్లజాతి కుర్రాడు. 1933లో కాన్సస్ యూనివర్శిటీలో చేరాడు. రంగు కారణంగా జట్టులోకి రానివ్వలేదు. సొంత యూనివర్శిటీలోనే పరాయివాడు. నైస్మిత్ గారు అతన్ని దగ్గరికి తీసి, సలహాదారుగా నిలబడి చదువు పూర్తిచేయించారు. 1944 మార్చి 12న, నైస్మిత్ గారు పోయిన నాలుగేళ్ళ తర్వాత, ఈ మెక్‌లెండన్ డరమ్ ఊళ్ళో నల్లవారి కాలేజీకి కోచ్. అదే ఊళ్ళోని డ్యూక్ వైద్య కళాశాల తెల్ల విద్యార్థుల జట్టుతో రహస్యంగా ఆట పెట్టించాడు. రెండు రంగులవాళ్ళు కలిసి ఆడకూడని రోజులవి. తలుపులకు తాళం. ప్రేక్షకులు లేరు. గడియారముంది, రిఫరీ ఉన్నాడు. 88–44తో మెక్‌లెండన్ పిల్లలు గెలిచారు. ఆ వెంటనే రెండు జట్లూ కలగలిసిపోయి ఇంకో ఆట ఆడారు. ఆ రిఫరీని తలుచుకుంటే నాకు కొంచెం అసూయ.

నైస్మిత్ గారు 1936లో బెర్లిన్ ఒలింపిక్సుకి వెళ్ళి తన ఆటను అక్కడ చూసుకున్నారు. ప్రయాణానికి కోచ్‌లు చందాలు పోగుచేశారు. ఫైనలు ఆరుబయట, మట్టి కోర్టులో, వానలో జరిగింది. అమెరికా కెనడామీద 19–8తో గెలిచింది. పుట్టినదేశం ఓడింది, స్థిరపడినదేశం గెలిచింది. పతకాలందించింది ఆయనే. 1939 నవంబరు 28న లారెన్స్ లో పోయారు. ఆట పుట్టుక గురించి ఆయన రాసిన పుస్తకం 1941లో వచ్చింది. 1955లో అక్కడ కట్టిన పెద్ద హాలుకి శిష్యుడు ఆలెన్ పేరు, లోపలి కోర్టుకి ఆయన పేరు పెట్టారు. 2007 నుంచి 2011 దాకా ఆ కోర్టులో సొంత జట్టు వరసగా 69 ఆటలు గెలిచింది. 2017లో అక్కడి జనం కేకను కొలిస్తే 130.4 డెసిబెల్స్ వచ్చింది, ప్రపంచ రికార్డట.

ఈ ఏడు అంతర కళాశాలల పోటీలు మళ్ళీ మన గ్రౌండులోనే. పి.డి.గారు వచ్చి, పెద్దవారు, ఫైనలుకి మీరే విజిల్ పట్టాలన్నారు. వద్దని, స్కోరు బల్ల దగ్గర కూర్చుని పుస్తకం రాస్తానన్నాను. రిఫరీలిద్దరినీ వేరే జిల్లానుంచి పిలిపించమన్నాను. వాళ్ళ బస్సు చార్జీలు నేనిస్తానన్నాను. ఆయన సరేనన్నారు గాని, ఎందుకో అడగలేదు. సావనీరు అచ్చయ్యాక చదువుతారు.