మొదలుపెట్టినవాడు, ముగించినవారు
(జయంతి రామయ్య పంతులుగారి జీవితము)

ధ్యాన భాగము: 1 దినవృత్తాంతములు 22వ అధ్యాయము



దావీదు దేవుని మందిరమును కట్టలేదు. కట్టినవాడు సొలొమోను. అయినను దావీదు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. రాళ్లు చెక్కించెను, దేవదారు మ్రానులు తెప్పించెను, తలుపుల మేకులకు కావలసిన ఇనుమును సహా కూర్చి ఉంచెను. తాను ఎన్నడును తెరవబోని తలుపులకు మేకులు సిద్ధపరచెను. మన కోనసీమలో పుట్టిన ఒక పెద్దమనిషి జీవితము చూచినప్పుడు ఈ అధ్యాయము జ్ఞాపకమునకు వచ్చును. ఆయన క్రైస్తవుడు కాడు. అయినను ఆయన చేసిన పనిలో మనకు పాఠమున్నది.

కోటిపల్లి రేవున గోదావరి దాటినయెడల ముక్తేశ్వరము చేరుదుము. జయంతి రామయ్య పంతులుగారు 1860వ సంవత్సరమున అక్కడ జన్మించిరి. పెద్ద చదువులు చదివి, ప్రభుత్వోద్యోగములో ప్రవేశించి, డిప్యూటీ కలెక్టరు అయిరి. ఉద్యోగపు పనులు ఎన్ని యున్నను తెలుగుభాష మీది మక్కువ ఆయనను విడువలేదు. పాత రాతి శాసనములను చదివి పరిష్కరించెడివారు. బెజవాడలోని యుద్ధమల్లుని శాసనము అట్లు ఆయన ప్రకటించినదే.

తెలుగునకు అప్పటికే నిఘంటువులు లేకపోలేదు. బ్రౌను దొరగారి తెలుగు - ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చెను. బహుజనపల్లి సీతారామాచార్యులుగారి శబ్దరత్నాకరము 1885లో వచ్చెను. అయినను పూర్వకవుల గ్రంథములలోని మాటలెన్నో వాటిలోనికి ఎక్కక మిగిలిపోయెను. తాటాకు గ్రంథములు చెదపురుగుల పాలైన కొలది ఆ మాటలును వాటితో పోవును. ఈ పని ఒక్కని వలన కాదని రామయ్య పంతులుగారు గ్రహించి, 1911లో మద్రాసునందు ఆంధ్ర సాహిత్య పరిషత్తును స్థాపించిరి. పాత గ్రంథములను సేకరించుట, అచ్చువేయుట, గొప్ప నిఘంటువు నొకటి సిద్ధపరచుట దాని పనులు. పిఠాపురము మహారాజా సూర్యారావుగారు ధనసహాయము చేసిరి. అందుచేత ఆ నిఘంటువునకు శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు అని పేరు పెట్టిరి. తరువాత పరిషత్తు కాకినాడకు మారెను.

పండితులు కూర్చుండి కావ్యములను వెదకి, ప్రతి మాటకు అర్థమును, ఏ కవి దానిని ఎట్లు వాడెనో ఆ ప్రయోగమును వ్రాసిపెట్టవలెను. ఇది తొందరపడి చేయు పని కాదు. మొదటి సంపుటము 1936లో వెలువడెను. పరిషత్తు పుట్టి అప్పటికి 25 ఏండ్లు. ఆ సంపుటములో నున్నవి అకారము మొదలు ఔకారము వరకు, అనగా అచ్చులతో మొదలగు మాటలు మాత్రమే! పంతులుగారికి డెబ్బదియైదేండ్లు దాటెను. హల్లులన్నియు ఇంకను ముందే యున్నవి. రెండవ సంపుటము 1939లో వచ్చెను. 1941లో ఆయన కన్నుమూసిరి.

పని ఆగిపోయెనా? లేదు. మూడవ సంపుటము 1942లోను, నాలుగవది 1944లోను వచ్చెను. మిగిలినవాటిని కూడ తరువాతి పండితులు ముగించిరి. ఆయన కాగితములను మాత్రమే విడిచి వెళ్లలేదు, పనివారిని విడిచి వెళ్లెను. అందుచేతనే పని నిలిచెను.

మరియొక సంగతి. బడి పుస్తకములు గ్రాంథికములోనే యుండవలెనని పంతులుగారు గట్టిగా వాదించిరి. వాడుక భాష కావలెనని గిడుగు రామమూర్తి పంతులుగారు ఎదురు నిలిచిరి. ఆ వాదములో కాలము గిడుగువారి పక్షమునకే తిరిగెను. అయినను వాడుక భాషలో వ్రాయువారును పాత మాటకు అర్థము కావలసి వచ్చినప్పుడు ఆ నిఘంటువునే తెరచుచున్నారు. వాదము చల్లారెను, సేవ నిలిచెను.

ప్రియులారా, మన సంఘములలో ఇట్టి పనులు ఎన్ని లేవు? ఒకరు పునాది వేసి పోయిన మందిరమునకు మరియొకరు పైకప్పు వేయుదురు. ఆదివారపు బడిలో ఒక తల్లి నేర్పిన వాక్యము ఇరువది ఏండ్లకు ఫలించును, అప్పటికి ఆమె సమాధిలో నుండవచ్చును. విత్తువాడొకడు, కోయువాడు వేరొకడు అని మన ప్రభువు ముందుగానే తెలియజేసెను గదా. కాబట్టి పెద్దలారా, నా కాలములో ఇది పూర్తి కాదని పనిని మానకుడి. దావీదు సొలొమోనును పిలిచి పని అప్పగించి, అతనికి తోడుపడవలెనని అధిపతుల కాజ్ఞాపించినట్లు, మీ ప్రక్కను ఒక చిన్నవానిని నిలువబెట్టుకొనుడి. సంఘపు లెక్కలు వ్రాయుట, పాటకు రాగము ఎత్తుట, రోగులను దర్శించుట అతనికి నేర్పుడి. యౌవనులారా, పెద్దలు సగములో విడిచిన పనిని చూచి నవ్వకుడి. దానిని చేతికి తీసికొనుడి.

మనము అచ్చుల దగ్గరనే ఆగిపోయినను, హల్లులు వ్రాయువారిని ప్రభువు లేపును గాక. ఆమేన్.