కాటను దొరగారును కోనసీమ భూములును

గోదావరీ పాయల నడుమ పచ్చని చేలను దినదినము చూచు మన విద్యార్థులకు, ఈ జిల్లా భూములు ఒకప్పుడు వేలమున పాడువారు లేక పడియుండెనన్నచో నమ్మశక్యముగా నుండదు.

సర్ ఆర్థర్ కాటనుగారు 1803వ సంవత్సరము మే 15వ తేదీన జన్మించిరి. ఇంచుమించుగా ఆ కాలముననే, 1802-03 సంవత్సరములలో, కుంఫిణీవారు ఈ ప్రాంతమున శాశ్వత పైసలా గావించిరి. జమీందారుల పేష్కషు ఎన్నటికిని మారకుండ నిర్ణయింపబడెను. సర్కారు హవేలీ భూములు ముఠాలుగా విభజింపబడి వేలము వేయబడెను. కిస్తు తప్పినచో ఎస్టేటు పోవును. అందుచే జమీందారులు గ్రామములను ఇజారాకిచ్చి సొమ్ము రాబట్టుకొనుటయే కాని, కాలువల పూడిక తీయించువారు అరుదైరి.

అంతలో 1832-33లో నందన కరవు, 1839లో కోరంగి ఉప్పెన వచ్చెను. రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1821లో 7,38,308 కాగా, 1841 నాటికి 5,61,041కి దిగెను. బాకీపడిన ఎస్టేటులు పెక్కింటిని తుదకు సర్కారే నామమాత్రపు వెలకు కొనెను. జమీందారులనందఱిని దుష్టులనుట వాడుక. పంట పండినను ఎండినను మారని పేష్కషునందే దోషము హెచ్చని నాకు తోచును.

ఈ దుస్థితిని విచారించిన సర్ హెన్రీ మాంట్గోమరీగారు 1844లో సర్కారునకు నివేదిక నిచ్చిరి. 1836లో కొల్లడముపై ఆనకట్టలు కట్టి పేరు వడసిన కాటనుగారు గోదావరిని పరిశీలించుటకు నియమింపబడిరి. 1847లో పని ప్రారంభమయ్యెను. నడుమ కాటనుగారు జబ్బుపడి సెలవుపై వెళ్లగా, ఆర్ దొరగారు పని సాగించిరి. వీణెం వీరన్నగారు కుడిభుజమై నిలిచిరి. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆనకట్ట 1852లో ముగిసెను. బొబ్బర్లంక వద్ద మన కాలువ బయలుదేరెను. గన్నవరము వద్ద వైనతేయపాయ మీదుగా 49 కమానుల అక్విడక్టు కట్టి నీటిని రాజోలు వైపునకు దాటించిరి. నేటి క్రొత్త అక్విడక్టునకు ఆ యూరి అన్నదాత్రి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి.

నీరు వచ్చునప్పటికి భూములలో పెక్కుభాగము సర్కారు వశమున నుండెను. కావున 1860ల సర్వే సెటిల్మెంటుతో రైతువారీ పట్టాలు రైతుల పేరనే ఏర్పడెను. మిగిలిన జమీలు, అగ్రహారములు 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము వఱకు నిలిచెను. కాలువలు త్రవ్విన కూలీలలో పెక్కురకు మాత్రము ఏ పట్టాయు దక్కలేదు.

కాటనుగారికి 1861లో సర్ బిరుదము లభించెను. స్వదేశము చేరిన పిదపను హిందూదేశమున జలమార్గములు వలయునని వాదించుచునే యుండి, 1899వ సంవత్సరము జూలై 24వ తేదీన డార్కింగునందు దివంగతులైరి.