మిస్ షిల్లింగ్ చిల్లు

యుద్ధవీరుల జీవితాలు చాలామంది రాస్తారు. నేను మాత్రం పానా పట్టుకున్న ఒక ఇంజనీరమ్మ గురించి రాయదలచాను.

బియాట్రిస్ షిల్లింగ్ 1909లో ఇంగ్లండులోని హాంప్‌షైర్‌లో ఒక మాంసం వ్యాపారి ఇంట జన్మించింది. పద్నాలుగో ఏటనే మోటారు సైకిలు కొనుక్కుంది. మాంచెస్టరు విశ్వవిద్యాలయంలో 1932లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు పట్టా పుచ్చుకుని, 1936లో ఫార్న్‌బరోలోని ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థలో చేరింది. ఈలోగా 1934లో బ్రూక్‌లాండ్స్ పందెపు బాటమీద నార్టన్ బండిని గంటకు నూరు మైళ్ళకు మించి తోలి బంగారు నక్షత్రం గెలుచుకుంది. మగవాళ్ళకే గగనమైన నక్షత్రమది!

ఇక అసలు సంగతి. 1940లో బ్రిటన్ ఆకాశాన్ని కాచినవి స్పిట్‌ఫైర్, హరికేన్ అనే ఒంటి మనిషి విమానాలు. రెంటికీ మెర్లిన్ ఇంజనే. జర్మన్ విమానం ముక్కు వంచి సర్రున దిగిపోయేది. వెంటబడిన ఇంగ్లీషు పైలట్ కూడా అలాగే వంచితే ఇంజను దగ్గి, నల్లపొగ కక్కి ఆగిపోయేది. అందుకని విమానాన్ని ముందు తిరగేసి, ఆ తర్వాత దూకాల్సి వచ్చేది. అప్పటికి శత్రువు దక్కేవాడు కాదు. ఒక్కోసారి అతనే వెనక్కి చేరేవాడు.

పాత స్కూటరు కార్బురేటరు విప్పి చూసినవారికి కారణం ఇట్టే బోధపడుతుంది. తొట్టి నిండగానే ఫ్లోట్ లేచి, సూది పెట్రోలు దారిని మూస్తుంది. విమానం హఠాత్తుగా ముక్కు వంచితే తొట్టిలోని పెట్రోలు పైకప్పుకు ఎగదన్నుతుంది. ఇంజనుకు అందక మొదటి దగ్గు. ఆపైన ఫ్లోట్ అడుక్కి పోయి సూది బార్లా తెరుచుకుంటుంది. పంపు తోసే పెట్రోలంతా వరదలా వచ్చిపడి ఇంజను ఉక్కిరిబిక్కిరవుతుంది. ఈ రెండో జబ్బే ప్రాణాంతకం. జర్మన్ ఇంజనులో పెట్రోలు నేరుగా సిలిండర్లలోకి చిమ్మేవారు గనుక వాళ్ళకీ బెడద లేదు.

కొత్త కార్బురేటరు చేసేదాకా యుద్ధం ఆగుతుందా? షిల్లింగ్ లెక్క వేరు. పూర్తి శక్తితో నడిచే ఇంజను ఎంత తాగుతుందో అంతే పోయేట్టు కొలిచి, చిన్న ఇత్తడి ముక్కకు చిల్లు పెట్టి, పెట్రోలు గొట్టంలో బిగించింది. తర్వాత అది ఉత్త వాషరంతయింది. బిగించడానికి విమానాన్ని యుద్ధం నుంచి తప్పించనక్కర్లేదు. 1941లో చిన్న బృందంతో విమాన స్థావరాలు తిరిగి తానే దగ్గరుండి అమర్పించింది. తాను మాత్రం తన నార్టన్ మీదే వెళ్ళేదట.

పైలట్లు దానికి మిస్ షిల్లింగ్ చిల్లు అని కొంటె పేరు పెట్టారు. నిజానికి 1938లోనే ఆమెకు పెళ్ళయింది! పేరు పెట్టిన ఆ కుర్రాళ్ళ ప్రాణాలే ఆ చిల్లులో ఉన్నాయనుకుంటే నాకు నవ్వు రాదు.

పూర్తి వైద్యం కాదది. మొదటి దగ్గు పూర్తిగా పోలేదు, తలకిందులుగా ఎక్కువసేపు ఎగరడమూ కుదరలేదు. 1943లో ప్రెషర్ కార్బురేటరు వచ్చేదాకా మాత్రం పని గడిపింది. ఆమె 1969 దాకా ఫార్న్‌బరోలోనే పనిచేసింది. యుద్ధం ముగిశాక భర్తతో కలిసి కార్ల పందేల్లో దిగింది. 1990లో కన్నుమూసింది.