తహసీల్దారు నుండి సుందరదాసు దాకా

ఎం.ఎస్. రామారావుగారంటే ఈనాటి పిల్లలు తెల్లమొహం వేస్తారు గాని, తెలుగులో హనుమాన్ చాలీసా పాడినాయన అంటే వెంటనే పోల్చుకుంటారు. మన తరం వారికి ఆయన గొంతు అంతకు ముందే తెలుసు.

1921లో గుంటూరు జిల్లా మోపర్రులో పుట్టారు. కాలేజీ రోజుల్లో పాటల పోటీలో ఆయన పాట విని అడివి బాపిరాజుగారు ప్రోత్సహించారట. 1944లో వై.వి. రావుగారు తీసిన ‘తహసీల్దార్’ చిత్రంలో తెర వెనుక నుండి పాడారు. తెలుగులో తొలి నేపథ్య గాయకుడని అందుకే చెప్పుకొంటారు. రెవెన్యూలో పనిచేసిన మాకు ఆ సినిమా పేరు వింటేనే ఒక ముచ్చట! ఆ పైన లలిత గీతాలు. తాజమహల్ మీద ఆయన పాడిన పాట రేడియోలో వస్తే ఇంట్లో మాటలు ఆగిపోయేవి.

పేరు వచ్చింది గాని సినిమాల్లో నిలకడ దొరకలేదు. నలభై దాటాక, సంసారం పెరిగిన తరువాత, మద్రాసు వదలి రాజమండ్రి చేరి నవభారతి గురుకులంలో పరిపాలన ఉద్యోగం చూసుకున్నారు. నెల జీతం మీద బతికిన మనకు ఆ నిర్ణయంలోని బరువు వేరే చెప్పనక్కరలేదు. పాటగాడికి అది ఎంత కష్టమో!

పాకిస్తాన్‌తో యుద్ధం జరిగిన రోజుల్లో, సైన్యంలో ఉన్న కుమారుని క్షేమం తెలియక ఆంజనేయస్వామిని పట్టుకున్నారనీ, అబ్బాయి క్షేమమని తెలిశాక కలం పట్టారనీ చెప్పుకొంటారు. తులసీదాసు చాలీసాను తెలుగు చేశారు. వాల్మీకి సుందరకాండ 68 సర్గలను ఇంటి ఆడవాళ్లకు సైతం అర్థమయ్యే తేట తెలుగులోకి దించి, తానే రాసి తానే పాడారు. పాండిత్య ప్రకర్ష చూపలేదు. ఒకే వరుస మళ్లీ మళ్లీ వస్తుంది, అందుకే వినేవారు రెండో చరణానికే గొంతు కలిపేస్తారు. కచేరీ విమర్శకులు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు; నా దృష్టిలో అది వారి లోపమే. ఎక్కడికి వెళ్లినా జనం కూర్చుని విన్నారు, సుందరదాసు అని పిలుచుకున్నారు.

1992లో కన్నుమూశారు. మా ఇంట్లో టేప్ రికార్డరు కొన్నప్పుడు మొదట తెచ్చిన క్యాసెట్లు ఆయన సుందరకాండవే. టేపు సాగిపోయి పారేశాం గాని, మంగళవారం వస్తే మా వీధి చివర గుడి మైకులో ఇప్పటికీ ఆయనే పాడతారు.